బస్సెక్కిన ఆడపులి

ఇచ్చోడలో బస్సెక్కేసరికి అందరి కళ్లూ ఫోన్లలోనే ఉన్నాయి. ఒకప్పుడు నేను నోరు తెరిస్తే బస్సంతా నా వైపు తిరిగేది. ఇప్పుడు సీటుకొక రీలు మోగుతోంది. ఈసారీ ఎవరూ వినకపోతే కథలు మానేద్దామనుకుని, ఫోన్లో మునిగిన పక్క సీటావిడకు వినబడేలా మొదలుపెట్టాను.

"గీ బస్సే అక్కా, మొన్న అడవిల ఆపితే పులి ఎక్కింది. ఆడపులి గదా, కండక్టర్ పైసలడగలే. ఆధార్ కార్డు చూపియ్యమన్నడు."

ఆవిడ తలెత్తింది. "జర ఆగన్నా," అని ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టింది. "మా ఆయన మస్కట్ల ఉంటడు, గిదో వీడియో కాల్ల ఉన్నడు. మళ్ల మొదటి నుంచి చెప్పు."

తెర మీద ఒక మీసాలాయన, ఆయన వెనక మంచాల మీంచి లేచి వస్తున్న ఇంకొందరు కనిపించారు. నేను గొంతు సవరించుకుని పులిని మళ్లీ ఎక్కించాను. బస్సులో ఒక్కొక్క రీలూ ఆగిపోయింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

నోరు తెరుచుకుని వింటున్న కండక్టర్‌కు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "అక్కా, నీ నేరడిగొండ ఎప్పుడో దాటింది. నువ్వు దిగలే."

ఆవిడ ఫోన్ కదపలేదు. "నిర్మల్ల దిగి మళ్లొస్త తియ్యి. పులి ఇంకా దిగలే."

నిర్మల్ వచ్చేదాకా నేనూ దాన్ని దింపలేదు.