వేలానికొచ్చిన గోధుమ వెన్నులు

1996లో ఆత్మకూరు దగ్గర ఒక పరిశోధన పొలంలో కూలికి వెళ్లేదాన్ని. వరి, సజ్జ తప్ప ఎరగని మా చేతులతో ఆ ఏడు గోధుమ వేశాం! బైబిల్లో వినడమే గానీ ఆ పైరును మాలో ఎవరూ చూసి ఎరగరు.

పరిశోధన చేసే సుజాత మేడమ్ దాన్ని ఓపెన్ టాప్ చాంబర్లలో, అంటే పైకప్పు లేని ప్లాస్టిక్ గదుల్లో పెంచారు. ఒక గదికి మామూలు గాలి. రెండోదానికి సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడు, పైగా హీటరు వేడి.

"ముందు ముందు గాలీ ఎండా ఇట్లాగే మారతాయంట శాంతమ్మా. వేడి చేసే నష్టాన్ని ఈ గ్యాసు పూడుస్తుందా? అదే తేలాలి" అనేవారు.

గ్యాసు గదిలో పైరు ఎంత ఏపుగా లేచిందో! పిలకలే పిలకలు. పండటం కూడా ముందే పండింది. మేడమ్ ఆ గదిలో కొన్ని వెన్నులకు ఎర్రదారం, మామూలు గదిలో కొన్నింటికి తెల్లదారం కట్టారు. ఆ గింజలే తూకానికి వెళ్లాలి. అవి లేకుంటే ఏడాది కష్టం వృథా.

సోమవారం కోత. ఆదివారం మా చర్చిలో కోతల పండగ. ఆరాధన అయ్యాక, అందరూ తమ పంటలోంచి తెచ్చి బల్లమీద పెట్టిన కానుకలు వేలం వేస్తున్నారు. మేడమ్ రొప్పుకుంటూ వచ్చారు.

"శాంతమ్మా, దారం కట్టిన వెన్నులు ఒక్కటీ లేవు!"

చూద్దును గదా, అన్నీ బల్లమీదే ఉన్నాయి! మాతో పనిచేసే మార్తమ్మ ముందుకొచ్చింది.

"నేనే కోసినాను మేడమ్. దేవుడికి మొక్కిన మేకపిల్లకి దారం కడతాం గదా. మీరూ అందుకే కట్టినారనుకున్నా."

బల్లమీదికి చేరింది వేలంలోనే తీసుకోవాలన్నారు పాస్టరుగారు. కొండాపురం గొర్రెల వ్యాపారి పెంచలయ్య అప్పటికే పాట మొదలుపెట్టాడు.

"గోధుమ ఎన్నులు మా ఊళ్లో ఎవురింట్లో ఉండాయి? గుమ్మానికి కడతా. ఇడిసేది లేదు!"

మేడమ్ పాడారు. ఆయన పెంచాడు. మేడమ్ పర్సు ఖాళీ అయింది. మేమంతా కొంగుముళ్లు విప్పాం. "పాడండి మేడమ్, ఇంకా పాడండి!" అని ఒకటే కేకలు.

"ఆడోళ్లంతా ఒకటైతే నేనేం జేసేది!" అని పెంచలయ్య చేతులెత్తేశాడు.

మేడమ్ సోమవారం దాకా ఆగలేకపోయారు. చర్చి మెట్లమీదే కూర్చుని రెండు రకాల్లోంచీ ఒక్కో వెన్ను నలిపారు. తెల్లదారం గింజ నిండుగా ఉంది. ఎర్రదారం కట్టిన పొడుగాటి వెన్నులోంచి రాలినవన్నీ ముడుచుకుపోయిన సన్నగింజలు.

పెంచలయ్య తొంగిచూశాడు. "ఏంది మేడమ్, ఈ తాలు కోసరమా మీరు నాతో ఇంత పోటీకొచ్చింది?"

"తాలని తేలడానికే పెద్దాయనా!" అంటూ మేడమ్ ఎగిరినంత పని చేశారు. "గ్యాసు ఆకునీ పిలకనీ పెంచింది. వేడి మాత్రం గింజ పాలు పట్టే గడువును కోసేసింది!"

అప్పటినుంచి ఎంత పచ్చటి పైరు చూసినా బాగుందని వెంటనే అనను. ఒక వెన్ను తెంచి, అరచేతిలో నలిపి, ఊది చూసి అప్పుడంటాను.