రెండు వేళ్ల గుడ్డ

మా పిన్ని టైలరు. ఏ చొక్కా కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదులుతుంది. "ఒళ్లు మన మాట వింటుందా? రేపు వదులు చేయాల్సొస్తే?" అంటుంది. ఆ మాట వినలేక చచ్చేదాన్ని.

ఆవిడ కిటికీలో మూడు బెగోనియా కుండీలున్నాయి. కొమ్మలు సన్నగా సాగిపోయాయి గానీ ఒక్క పువ్వూ లేదు. కత్తిరిస్తే పూస్తాయని నర్సరీ ఆయన చెప్పాడు. ఒక మధ్యాహ్నం మిషను ఆపి, పరదాలోంచి జారే వెలుతురులో, కలగంటున్నట్టు ఒక్కో కొమ్మా కత్తిరించింది. అలవాటు ఊరుకుంటుందా? ప్రతి కణుపు పైనా రెండు వేళ్ల కొమ్మ వదిలింది. పదిరోజులకి ఆ మొండి ముక్కలన్నీ నల్లగా కుళ్లాయి.

నర్సరీ ఆయన చూసి నవ్వాడు. "కణుపుకి ఆనించి కొయ్యాలమ్మా. మొక్కేమన్నా వదులు చేయించుకోడానికి వస్తుందా?"

పిన్నికి ఒళ్లు మండింది. మూతి ముడుచుకునే మళ్లీ కత్తిరించింది, ఈసారి కణుపు దగ్గరికి. కొన్నాళ్లకి కణుపు కణుపుకీ చిగుళ్లొచ్చి, గులాబీరంగు పూలు విరగబూశాయి. వాటి నీడలు గోడ మీద నీళ్లలా కదులుతుంటే, పిన్ని సూదిలో దారం ఎక్కించడం కూడా మర్చిపోయి చూస్తూ కూర్చునేది.

ఓ రోజు బీరువాలోంచి ఆకుపచ్చ పట్టుగుడ్డ తీసింది. కాస్త సన్నబడ్డాక తనకి గౌను కుట్టుకుందామని పన్నెండేళ్లు దాచిన గుడ్డ. కొలత తీసుకుని చకచకా కత్తిరించేసింది.

"లోపల గుడ్డ వదల్లేదేం పిన్నీ?"

"రేపటి ఒంటికి వదిలీ వదిలీ, ఇవాళ్టి ఒంటికి ఒక్కటీ కుట్టుకోలేదే!"