యారాలి బండికి పోసిన ఆయిల్

మామ నా బండికి ఆయిల్ మార్చే ఆదివారాల్లో నేను కుట్టుమిషన్ ముందు కూర్చుని కిటికీలోంచి చూస్తుండేదాన్ని. చూస్తుండేదాన్ని అని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి కాపలా కాసేదాన్ని. ఏ డబ్బా తీస్తాడు, ఎంత పోస్తాడు, పోసేటప్పుడు మొహం ఎట్లా పెడతాడు, అన్నీ నాకు కావాలి.

మా ఇల్లు ఫలక్‌నుమాలో, రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో. బండలు పరిచిన చిన్న వాకిలి, దానికి అటొక పోర్షన్, ఇటొక పోర్షన్. ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో మా మరిదివాళ్ళు. అత్తమ్మ పోయాక మామ ఎవరికీ తక్కువ కాకుండా పొద్దున మా ఇంట్లో, రాత్రి వాళ్ళింట్లో తింటున్నాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక ఆ చేతులకు మిగిలినవి వాకిట్లోని రెండు స్కూటర్లే. రెండూ ఒకటే కంపెనీ, ఒకటే మోడలు. నాకు కొన్న వారానికే మా యారాలికీ కొన్నారు. యారాలంటే మరిది భార్య, పుస్తకాల్లో తోడికోడలంటారు. నాది ఎర్రది, ఆమెది తెల్లది. తెల్లది ఎప్పుడు చూసినా కొత్తగా కనిపిస్తుందని కూడా నాకు కోపమే.

గొడవంతా డబ్బాల దగ్గర మొదలైంది. నా బండికి మామ నీలం డబ్బాలోని మామూలు ఇంజన్ ఆయిల్ పోసేవాడు. యారాలి బండికి బంగారు రంగు డబ్బా. సింథటిక్ అట. దుకాణంలో దాన్ని అందరికీ కనబడేట్టు పెట్టరు, లోపలి అర నుంచి తీసి తుడిచి ఇస్తారు. నాది రెండు వేల కిలోమీటర్లకే మార్చాలి, ఆమెది ఆరు వేల దాకా ముట్టుకోనక్కర్లేదు. ఇందులో నాకు అర్థం కానిది ఏముంది? ఆమె మెడలో కార్డు వేసుకుని కంచన్‌బాగ్‌లో ల్యాబులో ఉద్యోగానికి పోతుంది. నేను ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడతాను. లైనింగు బట్టకనీ, లేసుకనీ, పూసలకనీ దినానికి రెండుసార్లు లాడ్ బజార్‌కు ఉరుకుతాను. కార్డుకు బంగారు డబ్బా, సూదికి నీలం డబ్బా. నాకు కడుపు మండింది. ఆ సంగతి దాచుకోను.

నాకు తండ్రి లేడు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మామ నన్ను బిడ్డా అని పిలిస్తే, ఆ మాటను నేను మామూలు మాటగా తీసుకోలేదు. నాకంటే నాలుగేళ్ళ తర్వాత వచ్చిన పిల్లను కూడా బిడ్డా అనే పిలిచినప్పుడు సర్దుకున్నాను. కానీ పిలుపు ఒకటే అయినా డబ్బా వేరయితే ఎట్లా సర్దుకోవాలి? అసలు బిడ్డ ఎవరో, పేరుకు బిడ్డ ఎవరో ఆ డబ్బాలే చెబుతున్నట్టు ఉండేది.

మామ ఆయిల్ మార్చడం చూడాల్సిన పనే. ముందు ఇంజన్‌ను కాసేపు నడిపించేవాడు. బండికి డబుల్ స్టాండు వేసి, కింద పాత ప్లాస్టిక్ టబ్బు పెట్టి, పీట మీద కూర్చుని పానాతో నట్టు విప్పేవాడు. నల్లటి ఆయిల్ దిగుతుంటే ఒక చుక్కను బొటనవేలి మీద తీసుకుని చూపుడు వేలితో రుద్దేవాడు. వేళ్ళు దగ్గరికి, దూరానికి, మళ్ళీ దగ్గరికి. ఇంకో చుక్కను పేపరు ముక్క మీద వేసి, అది గుండ్రంగా పాకేదాకా ఓపిగ్గా చూసి, పక్కన పెన్సిల్‌తో మీటరు అంకె, బండి రంగు రాసేవాడు. ఆ ముక్కలన్నీ తలుపు వెనక వేలాడే తీగకు గుచ్చేవాడు. డిపోలో అలవాటట.

నట్టు విప్పేది ఎప్పుడో ఒకసారే అయినా, ప్రతి ఆదివారం నా బండి దగ్గర కూర్చునేవాడు. తాళం చెవి తెమ్మనేవాడు. ఈ వారం ఎక్కడెక్కడ తిరిగినవ్, పొద్దున ఒక్కసారికే స్టార్టయితుందా, చప్పుడేమన్నా మారిందా అని అడిగేవాడు. నేను దాన్ని విచారణ అనుకున్నాను. యారాలిని ఒక్క మాట అడగడే, నన్నే ఎందుకడుగుతాడు? నేను బండిని పాడుచేస్తానని అనుమానం కాబోలని మూతి ముడుచుకుని జవాబిచ్చేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, నా బండికి కూడా ఆ మంచి ఆయిలే పోయరాదా అని అడిగాను. నీ బండికి ఇదే సరిపోతది బిడ్డా అన్నాడు. అంతే. డిపోలో పనిచేసినవాళ్ళు సగం మాట చెప్పి సగం మాట పానాతో చెబుతారు.

ఆ తర్వాత ఒక పొద్దున యారాలు బండి తుడుచుకుంటూ, మామ పోసిన ఆయిల్ మస్తుందని, ఆరు వేల దాకా చూసే పనే లేదన్నాడని చెప్పి నవ్వింది. ఆమె మామూలుగానే నవ్వి ఉంటుంది. కానీ అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజు నేను ఒక జాకెట్‌కు రెండు చేతులూ కుడివే కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

మరునాడు లాడ్ బజార్ నుంచి వస్తూ స్పేర్ పార్టుల దుకాణం ముందు ఆగి బంగారు డబ్బా అడిగాను. దుకాణం భాయ్‌కి మామ బాగా తెలుసు, చాచా అని పిలుస్తాడు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు గానీ కౌంటర్ మీద పెట్టలేదు.

"చాచాకు తెలుసా అక్కా?" అన్నాడు.

మామే పంపించాడని చెప్పాను. అబద్ధం నోట్లోంచి ఇంత నున్నగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కనే ఉన్న మెకానిక్ పాతది దింపి కొత్తది పోసి, సీటు కింద లేబుల్ అంటించి, మళ్ళీ ఎప్పుడు మార్చాలో అంకె వేశాడు. ఆ అంకె చూస్తే నాకు మెడలో కార్డు వేసుకున్నంత గర్వమైంది.

ఆదివారం మామ పీట తెచ్చుకుని కూర్చోగానే, సర్వీసింగ్ చేయించానని, సింథటిక్ పోయించానని, ఆర్నెల్ల దాకా ఫికర్ లేదని చెప్పాను. మామ సీటు ఎత్తి లేబుల్ చదివాడు. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చదివాడు. మంచిది బిడ్డా అన్నాడు. పానాను గుడ్డతో తుడిచి రేకు డబ్బాలో పెట్టి, పీట తీసుకుని లోపలికి పోయాడు. పానాకు ఒక్క మరక కూడా లేదు, అయినా తుడిచాడు.

ఆ తర్వాత ఆదివారాలు మామ గడప మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. తాళం చెవి అడగలేదు. చప్పుడు సంగతి అడగలేదు. మొదట్లో గెలిచినట్టే ఉంది. బండి మెత్తగా పోతోందని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత కిటికీలోంచి చూడటానికి ఏమీ లేకపోయింది. అయినా అలవాటు కొద్దీ చూసేదాన్ని.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. లాడ్ బజార్‌కు దినానికి మూడు నాలుగు సార్లు పోవాల్సి వచ్చేది. ఇంటి నుంచి పిల్లల బడికి, బడి నుంచి బజారుకు, ఒక దుకాణం ముందు ఆపి, పది అడుగులు పోయి ఇంకో దుకాణం ముందు ఆపి. వెనకనుంచి నీలంగా పొగ వస్తోందని ఒకాయన సిగ్నల్ దగ్గర చెప్పాడు కూడా. లేబుల్ మీద అంకెకు ఇంకా సగం దూరముంది. పోసింది ఆషామాషీ ఆయిలా? పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం, పెళ్ళికూతురి జాకెట్లు సంచీలో పెట్టుకుని స్టేషన్ దగ్గర బ్రిడ్జి ఎక్కుతున్నాను. ఇంజన్‌లో డబ్బాలో రాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడైంది. తర్వాత వెనక చక్రం ఒక్కసారి బిగుసుకుని బండి ఆగిపోయింది. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి మామకే చేశాను.

తల మీద తువ్వాలు వేసుకుని ఎండలో బ్రిడ్జి ఎక్కి వచ్చాడు. వచ్చీరాగానే ఆయిల్ చూసే గేజు తీశాడు. కొసకు ఇంత నల్లటి మడ్డి తప్ప ఏమీ లేదు. మూత లోపలి వైపు పాల మీగడలాగా తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని వేలితో తీసి రుద్ది చూశాడు. నన్ను ఆటోలో జాకెట్లు ఇచ్చి రమ్మని పంపించి, బండిని ఆయనే నెట్టుకుంటూ ఇంటికి తెచ్చాడు. నేను తిరిగి వచ్చేసరికి వాకిట్లో పీట మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. చెమటకు అంగీ వీపుకు అంటుకుంది.

ఇంజన్ పట్టేసింది, లోపల పిస్టన్ ఆడే బోరు పని చేయించాలి అన్నాడు. నేను తప్పయిందని చెప్పాల్సింది. కానీ నా నోటికి వచ్చింది వేరే.

"యారాలి బండికి పోసినప్పుడు ఏం గాలే. నాకే అయింది. ముందు నుంచే మీకు ఆ పిల్లంటే ఎక్కువ మామా," అన్నాను.

మామ నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నువ్వు నీ కుట్టుమిషన్‌కు దినాం ఒక చుక్క నూనె ఎందుకేస్తవ్ బిడ్డా? మంచి నూనె తెచ్చి ఒక్కపారే పోసి ఆర్నెల్లు ఊకోరాదు?"

నేను కిటికీలోంచి లోపలున్న మిషన్ వైపు చూశాను.

"నీది గల్లీల తిరిగే బండి. ఇంజన్ వేడెక్కకముందే బంద్ చేస్తవ్. లోపట తడి పట్టి ఎంత మంచి ఆయిల్ అయినా జల్ది ఖరాబైతది. గందుకే మామూలుది పోసి జల్ది మార్చేది. గది గాక నీ బండి కొంచెం ఆయిల్ తాగుతది. ఆదివారం ఆదివారం నేనే జర జర నింపేటోణ్ని. నువ్వు తాళం చెవి ఇచ్చి మూతి ముడుచుకొని లోపటికి పోతుంటివి, చూడలే."

యారాలి బండి సంగతి నేను అడగకుండానే చెప్పాడు. పొద్దున ఆగకుండా కంచన్‌బాగ్ దాకా పోతుంది, వారం వారం ఇబ్రహీంపట్నంలో తల్లిగారింటికి పోతుంది, ఇంజన్ బాగా వేడెక్కి ఆయిల్ శుభ్రంగా ఉంటుంది. ఆదివారాలు ఆ బండి ఇంట్లోనే ఉండదు.

"ఆ బండి నా చేతికి దొరకది. గందుకే ఎక్కువ దినాలు ఆగేది పోస్త," అన్నాడు.

పానా తెమ్మన్నాడు. తలుపు వెనక రేకు డబ్బా తీస్తుంటే తీగ తగిలింది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే వేలాడుతోంది, ఎన్నిసార్లు దాని పక్కనుంచి పోయానో. ఆ రోజే చదివాను. ఎర్రబండి, ఎర్రబండి, ఎర్రబండి. ఒక్కో ముక్క మీద ఒక్కో నల్లటి చుక్క. మధ్యలో అక్కడక్కడ తెల్లబండి, లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా నిండవు. అన్నిటికంటే పైనున్న ఎర్రబండి ముక్క మీద దుమ్ము పట్టింది. పొరుగింటి పుల్లకూర రుచని ఆ డబ్బా కోసం ఏడ్చినదాన్ని, మామ ఆదివారాలన్నీ నా గిన్నెలోనే ఉన్నాయని చూడలేదు. ఆ తలుపు వెనకే నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుని పానా తీసుకుపోయి ఇచ్చాను.

సాయంత్రం యారాలు ఉద్యోగం నుంచి వచ్చి, విప్పిన బండిని చూసి అయ్యో అంది. మామ నమాజుకు పోతున్న పక్కింటాయనతో మాట్లాడుతూ గల్లీ చివర దాకా పోయాడు. అప్పుడు ఆమె మెడలో కార్డు తీసి చేతికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నీకేంది అక్కా. మామ ఎప్పుడు చూసినా నీ బండి ముంగటే కూసుంటడు. నా బండికి ఒక డబ్బా పోసి ఆర్నెల్లు మర్చిపోతడు. నాది గూడ రెండు వేలకే మార్చమని అడిగిన. వద్దన్నడు."

నాకు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళంతా చల్లబడినంత సంతోషం వేసింది. ఆ సంతోషానికి కొంచెం సిగ్గుపడి ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చాను, చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసి. బంగారు డబ్బా కోసం నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

బండి బాగై వచ్చాక, బోరు కొత్తది కాబట్టి ఐదు వందల కిలోమీటర్లకే మొదటి ఆయిల్ మార్చాలన్నాడు మామ. మీటరు ఆ అంకెకు చేరిన ఆదివారం నేనే పోయి నీలం డబ్బా తెచ్చాను. భాయ్ నన్ను చూసి ఏమీ అడగలేదు. నేనే చెప్పాను, చాచాకు తెలుసని. ఇంటికి వచ్చి బండికి డబుల్ స్టాండు వేసి, ఇంజన్ కాసేపు నడిపించి, టబ్బు పెట్టి, పేపరు ముక్క, పెన్సిల్ సిద్ధం చేశాను. మామ పీట వేసుకుని కూర్చున్నాడు. ఈ వారం ఎక్కడెక్కడ తిరిగినవ్ అన్నాడు. ఒక్కొక్క దుకాణం పేరు చెప్పాను. అడగనివి కూడా చెప్పాను.

అంతలో ఎదురు తలుపు తెరుచుకుంది. ఆ ఆదివారం యారాలు తల్లిగారింటికి పోలేదు. తెల్ల బండిని మెల్లగా నెట్టుకుంటూ వాకిట్లోకి తెచ్చింది.

"నాది గూడ జర చూడు మామా," అంది.

"తే బిడ్డా, గిక్కడ నిలబెట్టు," అన్నాడు మామ.

ఆమె నా బండి పక్కనే, పీటకు ఇంచుమించు అంతే దూరంలో స్టాండు వేసింది. మామ ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు చూశాడు. నేను లేచి, నా ఎర్ర బండిని స్టాండు మీంచి దించి, జానెడు ముందుకు జరిపి, మామ మోకాలికి తగిలేటట్టు మళ్ళీ స్టాండు వేశాను.