జగ్గమ్మ తగువు పడే తీరు

బెంగాలీల నగరంలో తెలుగువాళ్లుండే గార్డెన్ రీచ్ బస్తీలో తగువొస్తే పోలిరాజు చొక్కా చేతులు పైకి మడుస్తాడు. అతని భార్య జగ్గమ్మ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని నేలమీద కూర్చుంటుంది. ఇరవయ్యేళ్లు వీధులు ఊడ్చి కాయలు కాసిన అరచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఎదుటివాళ్ల మొహంలోకే చూస్తుంది. "కోపం దిగీదాకా ఆడికి సెవులు పన్జెయ్యవు, ఆగు" అంటుంది మొగుడితో.

మొన్న బస్తీ కుర్రాళ్ల క్లబ్బువాళ్లు దుర్గాపూజ పందిరికి వెదురుబొంగులు సరిగ్గా కుళాయికి అడ్డంగా పాతేశారు. నలభై ఇళ్లకి ఆ కుళాయే దిక్కు. పోలిరాజు గునపం తీశాడు. జగ్గమ్మ అది లాక్కుని పక్కన పడేసి, ఖాళీ బిందెతో వెళ్లి బొంగుల మధ్య కూర్చుంది. క్లబ్బు పెద్ద తపన్ అరగంట అరిచాడు. అతని గొంతు బొంగురుపోయాక ఆమె అన్నను పిలిచినట్టు పిలిచి, బెంగాలీలో నెమ్మదిగా అడిగింది.

"అయిపోయిందా, దాదా? మరి మీ అమ్మ నీళ్లెక్కడ పట్టుకోవాలి?"

తపన్ వెనక్కి తిరిగాడు. వరసలో అతని తల్లి బిందెతో నిలబడి ఉంది.

ఆ పూటే బొంగులు నాలుగు గజాలు వెనక్కి జరిగాయి. మొదటి బిందె ఆ ముసలామెకు పట్టించి, జగ్గమ్మ మొగుడి వైపు చూసి నవ్వింది.

"ఏటలా సూత్తన్నావు? ఇంట్లో బిందెలన్నీ అట్టుకురా!"