మన రక్తాన్ని చదివిన సుభద్రగారు

సుభద్రగారు ఇక లేరన్న కబురు ఫోనులో వచ్చేసరికి, దుమ్ము కమ్మి కువైట్ అంతా లేత పసుపురంగులో మసకబారి ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఇది కలేమో, ఇప్పుడే ఆవిడ ఫోన్ చేసి "ఇంకా రాలేదేంటే అమ్మాయ్?" అంటారేమో అనుకుంటూ అలాగే కూర్చుండిపోయాను.

కోనసీమలో పుట్టిన ఆవిడ ఇక్కడి ఆసుపత్రి ప్రయోగశాలలో క్యాన్సర్ తెచ్చే జన్యుమార్పులను పరిశీలించేవారు. నేను ఆవిడ శిష్యురాలిని. కనిపించిన ప్రతి మార్పునూ లోకంలోని మనుషుల జన్యు వివరాలు చేర్చిన డేటాబేస్‌లలో వెతకడం, అది హానికరమో కాదో సాఫ్ట్‌వేర్‌తో అంచనా కట్టడం మా పని. తెరమీద అక్షరాలు సాగిపోతుంటే ఆవిడ గోదావరి గట్టున కూర్చున్నంత తన్మయత్వంతో చూసేవారు. "తొందరపడకే, అదే చెబుద్ది" అనేవారు.

ఇక్కడి ఎగైలా పేటలో ఇంటిపని చేసే నాగమ్మది కడప జిల్లా. తల్లి రొమ్ము క్యాన్సర్‌తో పోయిందని పరీక్షకు వచ్చింది. ఆమె జన్యువులో ఎక్కడా నమోదు కాని మార్పు కనిపించింది. సాఫ్ట్‌వేర్ అది హానికరమంటూ ఎర్రగుర్తు పెట్టింది. ముందుజాగ్రత్తగా రొమ్ములు, అండాశయాలు తీసేయాలన్న మాట వచ్చింది. నాగమ్మకు ఇంకా పిల్లలు లేరు.

సుభద్రగారు ఆ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. "ఈ డేటాబేస్‌లో మనవాళ్ళ రక్తం ఎంతుందని? దానికి మనం కొత్త. కొత్తదైతే చెడ్డదైపోద్దా?" అన్నారు. సీమవాళ్ళు ఒకరి వెనక ఒకరుగా చుట్టాలను ఇక్కడికి పిలిపించుకుంటారని ఆవిడకు తెలుసు. ఆ మార్పు ఉండీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు దొరుకుతారేమోనని, సెలవురోజైన శుక్రవారం మంగఫ్ పేటలో నాగమ్మ బంధువులు కలిసే గదికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. నాగమ్మ పెద్దమ్మ చాయ్ ఇచ్చి నవ్వింది. "మాయమ్మదీ నాయనదీ మేనరికమే మేడం. మా ఇండ్లల్లో అంతా అంతే. రగతమే గదా, తీసుకోండి."

వయసు మళ్ళినా కువైటీల ఇంట్లో వంట చేస్తున్న ఆ పెద్దమ్మకు అదే మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించిందని పరీక్షలో తేలింది. అది నిజంగా హానికరమైతే రెండువైపులా వచ్చిన మనిషి అంత నిక్షేపంగా ఉండడం దాదాపు అసాధ్యం. మిగతా పెద్దవాళ్ళ పరీక్షలూ అదే చెప్పాయి. డాక్టర్లు ఆపరేషన్ మాట మానుకున్నారు. ఆ రోజు సుభద్రగారు చిన్నపిల్లలా ఏడ్చారు. అంతటి విదుషీమణిని అలా చూసి నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత నాగమ్మ ఊరికి వెళ్ళిపోయింది. సుభద్రగారు పోయిన మర్నాడు నాకు ఫోన్ చేసింది.

"ఆడబిడ్డ పుట్టిందక్కా! మేడంకు చేస్తే ఎత్తల్యా. నువ్వన్నా చెప్పు."

చెప్పక తప్పలేదు. అవతల పసిబిడ్డ ఏడ్చింది. బిడ్డను జోకొడుతూనే నాగమ్మ అడిగింది.

"మాలాంటోళ్ళ రగతం ఇంగ ఎవురు సూస్తారక్కా?"

"నేను చూస్తాను" అన్నాను. ఆవిడలా చూస్తానని మాత్రం అనలేకపోయాను.