పళ్లు లేని నోటికి పంటినొప్పి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, బాప్తిస్మం తీసుకున్నాకా లేదు. ఆత్మకూరులో పిల్లలకు అక్షరాలు నేర్పే పని నాది. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి పోయేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది చెబుతున్నాను కాబట్టి, చూసింది చూసినట్టే చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ధాత సంవత్సరంలో వచ్చిన కరువు ఇంకా తగ్గని రోజులు. నా భార్య రూతమ్మ పురిటికి ఉదయగిరిలో పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మెడ నిలవకముందే రూతమ్మకు కుడి దవడ పన్ను పుచ్చి వాచింది. మంగలి పట్కారు వేసి లాగాడు. పైముక్క విరిగి చేతికొచ్చింది, వేరు లోపలే ఉండిపోయి చీము పట్టింది. కబురందుకుని నేను నడిచి వెళ్లేసరికి ఆమె కుడికన్ను సగం మూసుకుపోయింది. నోరు తెరవలేకపోతోంది. గంజి కూడా దిగడం లేదు.

ఆమె తినకపోతే బిడ్డకు పాలు లేవు. ఊళ్లో పశువులు ఎప్పుడో చచ్చాయి, ఇంకెక్కడా చుక్క పాలు దొరకవు. బిడ్డ రొమ్ము చీకి చీకి, ఏమీ రాక, ఏడ్చే ఓపిక కూడా లేక పడుకునేది. నాకు నిజంగా భయం వేసింది. దొరల ఆసుపత్రి నెల్లూరులో ఉంది. బండికి ఎడ్లు లేవు, డోలీ కట్టి మోద్దామంటే మనుషులకు సత్తువ లేదు. లవంగాలు నూరి పెట్టాం, వాకుడు గింజల పొగ పట్టాం. లాభం లేదు.

అప్పుడు మా అత్త, అంటే రూతమ్మ తల్లి, ఒక పకీరు సాయిబును పిలుచుకొచ్చింది. పంటినొప్పికి మేకు కొట్టడం ఆయన వైద్యం. ద్వారబంధం మీద బొగ్గుతో వరసగా అక్షరాలు రాస్తాడు. మొదటి అక్షరం మీద మేకు పెట్టి ఒక దెబ్బ వేసి, నొప్పి ఉందా పోయిందా అని అడుగుతాడు. ఉందంటే పక్క అక్షరానికి మారుస్తాడు. పోయిందన్న చోట దిగగొట్టి వదిలేస్తాడు. ఆ మేకు అక్కడ ఉన్నంతకాలం నొప్పి తిరిగి రాదంటారు. అయితే మేకు కొట్టే ముందు, నొప్పి ఎక్కడికి పోవాలో ఇంటి పెద్ద నోటితో చెప్పాలి. అందరూ కొయ్యలోకి పొమ్మంటారు.

నేను అడ్డం పడ్డాను. మంత్రాలకు చింతకాయలు రాలతాయా అన్నాను. మా అత్త బాప్తిస్మం తీసుకోలేదు, మాట పడే మనిషి అంతకంటే కాదు. నీ ఇల్లు ఆత్మకూరులో ఉండాది, ఇది నా ఇల్లు, నీ చదువు అక్కడ చెప్పుకో పో అంది. నోరు మూసుకుని అరుగు మీద కూచున్నాను.

నొప్పి ఎక్కడికి పోవాలని సాయిబు అడిగితే మా అత్త ద్వారబంధం వైపు చూసింది. దానికి కింద చెద పట్టింది. పైగా ఆ కరువులో జనం తలుపులూ వాసాలూ పీకి గింజలకు అమ్ముకుంటున్నారు. రేపు తానూ అమ్మాల్సి రావచ్చు. కొయ్య పోతే నొప్పి మళ్లీ కూతురి మీదికే వస్తుందని ఆమె భయం.

"కొయ్యకొద్దు సాయిబూ, నాకియ్యి," అంది. "నా నోట్లో పన్నే లేదు. అదొచ్చి యాడ కూచుంటాది?"

నిజమే, ఆమెకు ఒక్క పన్ను లేదు. తన తెలివికి తనే నవ్వుకుంది. సాయిబు నవ్వలేదు. ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. ఆమె వినలేదు, మేకు కొట్టమంది. ఆయన కొట్టాడు.

అక్షరాలు అయిపోవస్తుండగా రూతమ్మ, పోయిందని చేయి ఊపింది. అప్పుడే గడ్డ పగిలి నోటినిండా చీము వచ్చింది. గడ్డ పండింది, పగిలింది, అందులో వింత లేదు. ఆ సంగతి వరకు ఇప్పటికీ నా మాట అదే. సాయంత్రానికి ఆమె సంకటి మింగింది. తర్వాత బిడ్డకు పాలు పడ్డాయి. తల్లీబిడ్డలను ఆత్మకూరు తీసుకొచ్చుకున్నాను.

కొన్ని నెలలకు, మా అత్తను చూసి వద్దామని నేనొక్కణ్ణే ఉదయగిరి వెళ్లాను. ఆమె ద్వారబంధానికి వీపు ఆనించి కూచుంది. కుడి దవడ వాచింది. కుడికన్ను సగం మూసుకుపోయింది. పంటినొప్పి అంది.

వెలుగుకు తిప్పి నోరు తెరిపించి చూశాను. వేలు పెట్టి తడిమాను. చిగుళ్లు పసిబిడ్డవిలాగా నున్నగా ఉన్నాయి. పుండు లేదు, గడ్డ లేదు, విరిగిన వేరు లేదు. వేలు తగిలినప్పుడు మాత్రం ఆమె ఒళ్లంతా వణికింది. ఎన్నాళ్ల నుంచి అంటే, మీరు పోయినప్పటి నుంచి వస్తా పోతా ఉండాదిలే అంది.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. లేచి ఆ మేకు పట్టుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"తీయబాకు నాయనా. పిల్ల పాలు మానేదాకా ఉండనీ. దాని తల్లికి చెప్పబాకు."

అది ఒట్టి ఇనుపముక్క అని నాకు తెలుసు. పీకి చూపించి ఉంటే ఆమె పిచ్చి వదిలిపోయేదేమో. కానీ ఆత్మకూరులో రూతమ్మ ఒళ్లో పాలు తాగుతున్న బిడ్డే కళ్లముందు ఆడింది. చేయి తీసేశాను. అరుగు మీద కూచుని ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

వానలు పడ్డాయి. రాగులు పండాయి. బిడ్డ అంబలి తాగడం నేర్చింది. ఒక పొద్దున రూతమ్మ రొమ్ముకు వేపాకు నూరి రాసుకుంది. బిడ్డ నోరు పెట్టి, మొహం చిట్లించి, అదేదో నేను చేసిన పనైనట్టు నన్ను చూసి ఏడ్చింది. ఆ పూటతో పాలు మానేసింది. నేను ఏదో పని ఉందని రూతమ్మకు చెప్పి, ఒక పట్కారు అడిగి తీసుకుని, అప్పుడే ఉదయగిరి దారి పట్టాను. దారిలో ఒక ఊళ్లో తల దాచుకుని మర్నాడు చేరాను. నా కంటే ముందు ఆ దారిన వెళ్లి చెప్పినవాళ్లెవరూ లేరు.

మా అత్త గడప దగ్గర కూచుని సంకటి తింటోంది. రెండు దవడలూ ఒక్కతీరుగా ఉన్నాయి. మేకు ద్వారబంధానికి లేదు. నేనింకా కాళ్లు కడుక్కోలేదు, నోరు విప్పలేదు. ఆమె కొంగు ముడి విప్పి మేకు నా చేతిలో పెట్టింది.

"నిన్న పొద్దున ఊడి పడినాది," అంది. "పిల్ల పాలు మానిందా నాయనా?"

రూతమ్మకు ఆ దవడ మళ్లీ నొప్పి పెట్టలేదు. మా అత్తకూ పెట్టలేదు. ఆ రోజే మేకు ఉన్న చోట వేలు పెట్టి చూశాను, పొడి రాలింది. చెద అంతవరకు పాకింది. చెద తిన్న కొయ్యలో మేకు నిలవదు, అది నాకు అర్థమవుతుంది. పిల్ల పాలు మానిన సంగతి ఆ చెదకు ఎవరు చెప్పారో మాత్రం ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.