నా జడలో కింది సగం

పోయిన ఆదివారం మా మనవరాలు బెంజి సర్కిల్ దగ్గరున్న పార్లరుకు వెళ్ళి, నడుము దిగే జడను మెడ దాకా కత్తిరించుకుని, ఆ తెగిన జడకు రెండు కొసలా రబ్బరు బ్యాండ్లు వేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంటికి వచ్చింది. క్యాన్సరు మందులకు జుట్టు రాలిపోయిన వాళ్ళకు విగ్గులు చేసి ఇచ్చే వాళ్ళెవరో ఉన్నారట, వాళ్ళకు పంపుతుందట. మా అమ్మాయి మురిసిపోయి ఫొటో తీసి స్టేటస్ పెట్టింది. నేను కూడా మంచి పని చేశావు తల్లీ అన్నాను గాని, ఆ మాట అని బాల్కనీలోకి పోయి కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పిల్ల మీద కోపం కాదు. దాని జుట్టు, దాని ఇష్టం. ఆ కవర్లో చుట్టుకుని పడుకున్న జడను చూడగానే, పోయి ఎనిమిదేళ్ళయిన మా పెద్దమ్మ మీద యాభై ఏళ్ళు దాటిన కోపం నిన్న మొన్నటిదిలాగా పైకి లేచింది.

పోయినవాళ్ళ మీద కోపమేమిటి, క్షమించెయ్యండి అని నాకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మా వాకింగు స్నేహితురాళ్ళు చెబుతారు, టీవీలో స్వాములు చెబుతారు. దయచేసి మీరు చెప్పకండి. ముందు జరిగింది వినండి.

నా పదో ఏట మా అమ్మ పోయింది. నాన్న రైల్వేలో గార్డు, ఇవాళ బెజవాడలో ఉంటే రేపు ఎక్కడో. ఆడపిల్లను క్వార్టర్సులో ఒంటరిగా ఉంచలేక, కంకిపాడు దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మా పెదనాన్న ఇంట్లో దించి వెళ్ళాడు. పెదనాన్న మెతక మనిషి. ఇంటి పెత్తనం పెద్దమ్మది. వాళ్ళకు ఒక్కతే కూతురు, నాకంటే అయిదేళ్ళు పెద్దది. నాకు అక్క అంటే అదే.

నా జుట్టు ఆ ఊళ్ళో అందరి నోళ్ళలోనూ ఉండేది. పదమూడో ఏటికే తుంటి దాటింది. పై భాగం నల్లగా, నున్నగా ఉండేది కాని, కిందికి వెళ్ళేకొద్దీ కాస్త రాగి రంగు తిరిగి, కొస మటుకు ఉంగరంలాగా చుట్టుకునేది. అది మా అమ్మ పెట్టిన అలవాటు. తలంటి పోసిన రోజున, కుంకుడు పులుసు వాసన ఇంకా పోకముందే, తడి కొసను చూపుడు వేలికి చుట్టి, ఆరేదాకా అలాగే పట్టుకుని నాకు ఎక్కాలు చెప్పించేది. మన ఈడు వాళ్ళకు తలంటి అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. కళ్ళు మండి ఏడవడం, సాంబ్రాణి పొగలో తల వాల్చి బోర్లా పడుకోవడం, పొగకు ఉక్కిరిబిక్కిరవుతూ నిద్రపోవడం, ఇవన్నీ మీకూ ఉన్నవే. మా అమ్మ ముఖం ఇప్పుడు ఫొటో చూస్తే గాని గుర్తురాదు గాని, ఆ ఉంగరం గుర్తుంది.

నా పదమూడో ఏట ఎండాకాలంలో అక్కకు పేనుకొరుకుడు వచ్చింది. ముందు చెవి వెనక రూపాయి బిళ్ళంత, తరవాత నడినెత్తిన అరచేయంత, వెంట్రుక అన్నది లేకుండా నున్నగా అయిపోయింది. పెద్దమ్మ డాక్టరుకు చూపించలేదు. బెజవాడ బస్సెక్కితే ఊళ్ళో తెలుస్తుందట, తెలిస్తే పిల్లకు పెళ్ళి కాదట. గురివింద గింజలు అరగదీసి ఆ మచ్చల మీద పట్టించేది, వెల్లుల్లి రుద్దేది. తల బొబ్బలెక్కి అక్క దిండు కొరుక్కుంటూ ఏడుస్తుంటే నేను విసనకర్రతో విసిరేదాన్ని. అక్కను నేను ప్రేమించాను. ఈ సంగతి గట్టిగా చెప్పి మరీ ముందుకు పోతున్నాను.

వానాకాలంలో నాకు టైఫాయిడు వచ్చింది. పెదనాన్న వానలో తడుస్తూ పోయి డాక్టరును సైకిలు మీద తీసుకొచ్చాడని తరవాత విన్నాను. ఎన్ని రోజులు ఒళ్ళు తెలియకుండా పడున్నానో తెలియదు. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చి అటు తిరగబోతే తల తేలిగ్గా, పరాయివాళ్ళ తలలాగా ఉంది. చెయ్యి పెట్టి చూసుకుంటే మెడ మీద మొండి జుట్టు గుచ్చుకుంది.

"నా జడేది పెద్దమ్మా?" అన్నాను.

"డాక్టరు తీసెయ్యమన్నాడే. జుట్టుంటే జ్వరం దిగదంట. బతికావు, అంతే చాలు."

"తీసి ఎక్కడ పెట్టారు?"

"కాలవలో కలిపేశాం. పాడు జుట్టు ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా? గంజి తాగి పడుకో."

నమ్మాను. జ్వరానికి జుట్టు తియ్యడం అప్పట్లో వింతేమీ కాదు. గోడవైపు తిరిగి ఏడ్చాను గాని, పెద్దమ్మ మీద మటుకు కోపం రాలేదు. పైగా నన్ను బతికించిందనుకున్నాను. ఆ అనుకోవడం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ మండుతుంది.

మాఘమాసంలో అక్కకు గుడివాడ వైపు నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల రోజు పొద్దున్నే అక్కను వెనకగదిలో కూర్చోబెట్టి, పెద్దమ్మ తలుపు వేసుకుని తనే జడ వేసింది. బయటికి వచ్చిన అక్కను చూసి తెల్లబోయాను. నడినెత్తిని కప్పుతూ చేమంతుల చెండు, దాని కింద తుంటి దాకా లావుపాటి జడ. సవరం అని తెలుస్తూనే ఉంది. ఆ రోజుల్లో సవరం పెట్టుకోని పెళ్ళికూతురు ఎక్కడుంది కనుక. బెజవాడ వన్ టౌన్లో సవరాలు కట్టే ఆవిడ దగ్గర కొన్నానని పెద్దమ్మ అక్కకు చెప్పిందట. అక్కా అదే నమ్మింది.

పెళ్ళికొడుకు, వాళ్ళ నాన్న, మేనమామ, ఒక నాయనమ్మ వచ్చారు. నన్ను అక్క పక్కన చాప మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఫలహారం పళ్ళేలు. మాటలు నడుస్తున్నాయి, ఎన్ని ఎకరాలు, ఎంతవరకు చదివింది, పాట వచ్చా, ఇవే. అక్క తల వంచుకోగానే జడ భుజం మీదుగా జారి నా ఒళ్ళో పడింది. వెనక్కి వేద్దామని చేతిలోకి తీసుకున్నాను. రాగి రంగు. కొసన జడగంటలు కట్టే తీరిక పెద్దమ్మకు లేకపోయిందో ఏమో, ఉత్త రిబ్బను ముడి వేసి వదిలేసింది. ముడి కింద వెంట్రుకలు ఉంగరంలాగా చుట్టుకుని ఉన్నాయి. వేలు దూర్చి చూశాను. సరిపోయింది.

ఆలోచించుకుని అన్న మాట కాదు. "ఇది నా జడ" అన్నాను, అందరికీ వినపడేలా.

పెద్దమ్మ ఒక్క ఉదుటున వచ్చి నా భుజం పట్టుకుంది. "దీనికి జ్వరమొచ్చి లేచిన దగ్గర్నుంచీ మతి సరిగ్గా లేదండీ. ఏదేదో వాగుతుంది. లోపలికి పదవే!"

"నా జడ కాలవలో కలిపానన్నావు. డాక్టరు తీసెయ్యమన్నాడన్నావు. ఇది నాదే!"

గుమ్మం దగ్గర నిలబడ్డ పెదనాన్న అప్పుడు నోరు తెరిచాడు. "డాక్టరు జుట్టు తియ్యమనలేదే. నేను పక్కనే ఉన్నానుగా. తడిగుడ్డ వెయ్యమన్నాడు, అంతే." అది ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. పెద్దమ్మ వైపు చూసి, మళ్ళీ తల దించేసుకున్నాడు. జీవితంలో ఆయన భార్యకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

పెళ్ళికొడుకు నాయనమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. "అమ్మాయి జడ ఒకసారి విప్పించమ్మా. తప్పుగా అనుకోకు, ఇంత మాట వచ్చాక చూసుకోవాలి కదా" అంది.

పెద్దమ్మ కదల్లేదు. కదిలింది అక్క. రెండు చేతులూ వెనక్కి పెట్టి, చెండు లాగేసి, పిన్నులు ఒక్కొక్కటే తీసి చాప మీద పడేసి, సవరం ఊడదీసి నా ఒళ్ళో పెట్టింది.

"నాకు తెలీదే. ఒట్టు. నాకు తెలీదు" అంది నాతో. తరవాత తల ఎత్తి వాళ్ళ వైపు తిరిగింది. "నాకు పేనుకొరుకుడండీ. సగం తల మీద జుట్టు లేదు. చూసుకోండి." అని నడినెత్తి వాళ్ళకు కనపడేలా వంచి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. పెళ్ళికొడుకు మటుకు చేతిరుమాలు అంచులు లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళి ఉత్తరం రాస్తామని చెప్పి వాళ్ళు లేచారు. ఉత్తరం రాలేదు, రాదని అందరికీ తెలుసు.

వాళ్ళ బండి మలుపు తిరిగిందో లేదో, పెద్దమ్మ నా మీదికి వచ్చింది. కొట్టింది, తిట్టింది, నా కూతురి బతుకు నాశనం చేశావే అని అరిచింది. అదంతా నేను మరిచిపోగలను. కూతురి కోసం తల్లి అన్న మాటలని సరిపెట్టుకోగలను. కాని నేను గుండెలకు అదుముకుని ఉన్న జడను చేతుల్లోంచి లాక్కుని, పెరట్లోకి పోయి, స్నానాల నీళ్ళు కాగుతున్న పొయ్యిలో పడేసింది. నేను వెనకాలే పరిగెత్తేసరికి అది చిటపటమంటూ ముడుచుకుపోతోంది. పొయ్యిలో చెయ్యి పెట్టబోతే అక్క వచ్చి వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. వెంట్రుకలు కాలిన కంపు ఇల్లంతా నిండింది. దాన్ని అమ్ముకున్నా, మళ్ళీ అక్కకే పెట్టినా ఇంత పగ ఉండేది కాదు. ఎవరికీ పనికిరాకుండా కాల్చేసింది, నాకు దక్కకూడదని.

నాలుగో రోజున నాన్న వచ్చి నన్ను బెజవాడ తీసుకుపోయి హాస్టల్లో చేర్చాడు. బస్సులో అంతా చెప్పాను. మూడేళ్ళు అన్నం పెట్టారు, ఇక ఆ మాట ఎత్తకు అన్నాడు. ఎత్తలేదు. కడుపులోనే ఉంచుకున్నాను.

డిగ్రీలో జీవశాస్త్రం తీసుకున్నాను. ఒక రోజు మైక్రోస్కోపు కింద వెంట్రుక చూపిస్తూ మా లెక్చరర్, ఇది చర్మం దాటి వచ్చాక ఇక మారదు, కొస అన్నిటికంటే పాతది, నెలకు ఇంచుమించు అరంగుళం చొప్పున వెనక వచ్చేది దాన్ని ముందుకు తోస్తూ ఉంటుంది అని చెప్పింది. క్లాసంతా రాసుకుంటుంటే నేను పుస్తకం అంచున లెక్క కట్టాను. అమ్మ పోయాక మూడేళ్ళు. అంటే జడలో పైనున్న మూరెడే పెద్దమ్మ ఇంట్లో మొలిచింది. దాని కింది సగమంతా అమ్మ బతికున్న రోజుల్లో మొలిచింది, అమ్మ తన చేత్తో నూనె రాసింది, తన వేలికి చుట్టింది. అమ్మ తాకినవాటిలో నా ఒంటి మీద మిగిలింది అదొక్కటే. అది పొయ్యిలోకి పోయింది. లేబ్ బల్ల మీద తల పెట్టి ఏడిస్తే, కడుపునొప్పా అని అడిగారు. అవునన్నాను.

అక్క సంగతి కూడా చెప్పాలి. ఆ గొడవ తరవాత దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కనుక పెదనాన్న అక్కను బెజవాడలో చర్మం డాక్టరుకు చూపించాడు. మందులతోనో, కాలంతోనో, మచ్చల్లో ముందు తెల్లటి నూగు వచ్చింది, ఏడాది తిరిగేసరికి నల్లటి జుట్టే వచ్చింది. పేనుకొరుకుడులో చాలామందికి కుదురు చావదు. ఆ ముక్క చెప్పే డాక్టరు బస్సెక్కితే గంట దూరంలో ఉన్నాడు. అక్కకు ఉయ్యూరులో ఎరువుల షాపాయనతో పెళ్ళయింది. పెళ్ళికి ముందే ఆయనకు అన్నీ తనే చెప్పేసిందట. సుఖంగా ఉంది. నన్ను ఒక్క రోజూ తప్పు పట్టలేదు.

నేను బెజవాడలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. పెద్దమ్మ ఎదురుపడినప్పుడల్లా బాగున్నావా అంటే బాగున్నాను అన్నంత వరకే. ఆవిడ మంచాన పడ్డాక ఒకసారి అక్క బలవంతం మీద కంకిపాడు వెళ్ళాను. అక్క మంచినీళ్ళకు లోపలికి వెళ్ళినప్పుడు అడిగేశాను.

"ఎందుకు చేశావు పెద్దమ్మా?"

దేని గురించి అని ఆవిడ అడగలేదు. "నీకు మళ్ళీ పెరుగుతుందిగా. దానికి ఇక రాదనుకున్నానే" అంది.

"కత్తిరించినందుకు కాదు. ఎందుకు కాల్చావు?" అని, లెక్చరర్ చెప్పిన లెక్కంతా చెప్పాను. కింది సగం అమ్మదని చెప్పాను. ఆవిడ దూలాలకేసి చూస్తూ విన్నది.

"ఆ సంగతి అప్పుడే చెప్పొచ్చుగా. చెబితే కాల్చకపోదును" అంది.

పదమూడేళ్ళ పిల్లను నేను చెప్పలేదట. తప్పు నాది. అక్క నీళ్ళు తెచ్చేసరికి చెప్పులేసుకుని గేటు దగ్గరున్నాను. ఆవిడ పోయినప్పుడు వెళ్ళాను, పూలు వేశాను, ఏడవలేదు.

ఇప్పటి ఇళ్ళల్లో ఎవరి దువ్వెన వాళ్ళది, ఎవరి గది వాళ్ళది. నిద్రపోతున్న పిల్ల తలలో అడక్కుండా కత్తెర పెట్టే అధికారం ఏ పెద్దదానికీ లేదు. మంచిదే, వెయ్యిసార్లు మంచిదే. అయితే ఒకరి ముందు ఒకరు మెట్టు మీద కూర్చుని తల దువ్వించుకోవడం కూడా దాంతోపాటే పోయింది. నా తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టలేను. మిగిలిన ఈ నాలుగు వెంట్రుకల్నీ నేనే దువ్వుకుంటాను. ఒక్కోసారి దువ్వెన చిక్కులో ఆగినప్పుడు కళ్ళు మూసుకుని అమ్మ చెయ్యి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. రాదు. వచ్చేది మొరటుగా లాగే చెయ్యి, కదలకు అని మోచేత్తో పొడిచే చెయ్యి, మూడేళ్ళపాటు రోజూ పొద్దున్నే బడికి ఆలస్యం కాకుండా నాకు జడ వేసిన పెద్దమ్మ చెయ్యి. అమ్మది కాల్చేసి, తనది మాత్రం ఉంచిపోయింది. ఇందుకు కూడా నేను ఆవిణ్ణి క్షమించలేదు.